మే నెలలో మేజోళ్లు

కిందటి వారం ఫణిశ్రీని మనం ఏడో నంబరు మంచం పక్కన నిలబెట్టి వెళ్లిపోయాం. పాపం, ఆ పిల్ల ఇంకా అక్కడే నిలబడి ఉంది, చేతిలో బీపీ మిషను పట్టుకుని. ఆ మిషను ముందు తన చేతికే చుట్టుకోవాల్సినంత కంగారులో ఉంది.

అప్పుడు చదవనివాళ్ల కోసం నాలుగు ముక్కలు. రాయపూర్‌లో నర్సింగ్ స్కూలు, ఆఖరి సంవత్సరం, ఆఖరి ప్రాక్టికల్ పరీక్ష. పొద్దున్నే చీటీలు తీశారు. ఎవరికి ఏ మంచం వస్తే ఆ మంచం మీది రోగిని తల నుంచి పాదాల దాకా పరీక్ష చేసి, బయటి నుంచి వచ్చిన ఎగ్జామినరు ముందు అన్నీ విప్పి చెప్పాలి. ఆ తరవాత వైవా. ‘వై’ అని వాళ్లడుగుతారు, ‘వా’ అని మనం ఏడుస్తాం. ఫణికి ఏడో మంచం వచ్చింది. తెలుగులో ఏడు అంటే అంకె అనీ అర్థం ఉంది, ఏడవమనీ అర్థం ఉంది. మంచం మీది మొహం చూశాక రెండో అర్థమే సరైందని ఫణికి తేలిపోయింది.

ఆ పడుకున్నావిడ తాయారమ్మ. ఫణికి సొంత మామ్మ, నాన్నని కన్న తల్లి.

ముందు రోజు సాయంత్రం జ్వరం, వణుకు, షుగరు ఆకాశంలో. రైల్వే ఆసుపత్రి వాళ్లు ఇక్కడికి రాసిచ్చారు. పరీక్షల వారం హాస్టల్లో ఫోన్లు వార్డెన్ దగ్గర పెట్టేస్తారు గనక ఫణికి కబురు అందలేదు. బంధువు రోగిగా పడితే పరీక్ష రద్దనీ, మళ్లీ సప్లిమెంటరీయే గతనీ హాస్టల్లో అందరూ అంటారు. సప్లిమెంటరీ నాటికి ఫణికి రాయపూర్‌లో కాలు పెట్టడానికి చోటుండదు. వ్యాగన్ రిపేరు షాపులో పనిచేసే నాన్న నూకరాజు ఈ నెలాఖరుకి రిటైరవుతాడు, క్వార్టరు ఖాళీ చేయాలి. రైల్వేవాళ్లకి క్వార్టరంటే ఇల్లు, తాగేవాళ్లకి సీసా. నూకరాజుకి కొన్నాళ్లు రెండర్థాల్లోనూ ఉండేది, ఇప్పుడు రెండూ పోతున్నాయి. ఫణి పాసయి ఈ ఆసుపత్రిలోనే ఉద్యోగంలో చేరితే గుఢియారీలో ఇల్లు అద్దెకి తీసుకుని ఇక్కడే ఉంటారు. లేకపోతే అందరూ పెట్టే బేడా సర్దుకుని బొబ్బిలి.

ఇంతకీ కిందటి వారం మనం వదిలేసిన చోట తాయారమ్మ కళ్లు తెరిచింది, మనవరాలిని ఎగాదిగా చూసింది, "నువ్వెవరివే గుంటా?" అంది.

మతి తప్పిన మనిషి మాట కాదది. ఆ కళ్లల్లో మతి నిండుగా ఉంది. కొంచెం ఎక్కువే ఉంది.

ఫణి నోరు తెరిచే లోపు కర్ర చెప్పుల చప్పుడు దగ్గరికొచ్చింది. ఎగ్జామినరు చంద్రాకర్ మేడమ్. దుర్గ్ నుంచి వచ్చిందట. నవ్వు అనేది జీతంలో కోత పడే వస్తువన్నట్టు జాగ్రత్తగా దాచుకునే మనిషి. మంచానికి వేలాడే కార్డు చూసింది, ఫణి ఛాతీ మీది బ్యాడ్జీ చూసింది.

"పేషెంటు తాయారమ్మ రావ్. స్టూడెంటు ఫణిశ్రీ రావ్," అని హిందీలో చదివింది. "రిష్తేదార్ హో క్యా? చుట్టాలా మీరు?"

ఇదిగో, దారి తెరుచుకుంది. అవును మేడమ్ అంటే అయిపోయేది. ఫణి గొంతులో ఆ మాట ఉంది కూడా. కాని అంతలో వెనక నుంచి ట్యూటరు రత్నకుమారి మేడమ్ పకపకా నవ్వేసింది. రత్నకుమారిది రాజమండ్రి వైపు కుటుంబం, ఇద్దరు పిన్నులూ నర్సులే, ముప్ఫయ్యేళ్లుగా ఇక్కడే.

"అయ్యో మేడమ్, ఈ ఊళ్లో తెలుగువాళ్లంతా రావులే," అంది. "నేను చేరిన రోజున నాకూ రత్నకుమారి రావ్ అని రాసేశారు. మా నాన్న ప్రకాశంగారు చర్చిలో పేరు సరిచూసుకుని వచ్చి గోల పెడితే గాని తియ్యలేదు. ఆ చివర పదకొండో మంచం ఆవిడా రావే. మందుల కొట్టు బంగారయ్యా రావే. రావ్ రావ్ అని చుట్టరికం కలిపితే ఈ వార్డంతా ఒకటే పెళ్లివారు."

నిజమే. నూకరాజు ఇంటిపేరు గెంబలి. ఉద్యోగంలో చేరిన రోజున గుమాస్తా నోరు తిరక్క, ఆంధ్రా మనిషివే కదా అని, రావ్ అని రాసి పడేశాడు. రావు అని పేరు పెట్టించుకున్నవాళ్లంతా వచ్చి చేరిన ఊరు రాయపూర్.

చంద్రాకర్ మేడమ్ తల ఊపింది. ఫణి నవ్వింది. ఆ నవ్వు పెదాల మీద ఉండగానే ఏదో గడియ పడ్డట్టు లోపల చిన్న చప్పుడు వినిపించింది. అబద్ధం ఆడలేదు. నిజం చెప్పలేదు. ఆ రెంటి మధ్యా ఉన్న సందులో ఇప్పుడు ఆ పిల్ల ఇరుక్కుంది. ఒక పక్క గోడ, మూడు పక్కలా పచ్చ తెర.

"శురూ కరో, మొదలుపెట్టు," అంది చంద్రాకర్ మేడమ్, స్టూలు లాక్కుని కూర్చుంటూ. "పేషెంటుకి హిందీ రాదు కదా. నువ్వు తెలుగులో అడుగు, నాకు హిందీలో చెప్పు."

రత్నకుమారి మేడమ్ మిగతా మంచాల వైపు వెళ్లిపోయింది.

ఫణి గొంతు సవరించుకుంది. "అమ్మగారూ, నమస్కారం. నేను స్టూడెంట్ నర్సుని. మీ ఆరోగ్యం గురించి కొన్ని ప్రశ్నలు అడుగుతాను."

"అడుగు తల్లీ అడుగు. ఇన్నాల్టికి ఈ ఊల్లో నన్నొకలు ప్రశ్నలడుగుతన్నారు," అంది తాయారమ్మ దిండుకి వీపు ఆనించుకుంటూ.

"మూత్రం సాఫీగా వస్తోందాండీ?"

"ఊరోల్ల ఉచ్చలెత్తడానికి మూడేల్లు సదవాలేటే? నాను ఏటీ సదవకుండానే మీ నాన్నవి ఎత్తేను."

చంద్రాకర్ మేడమ్ కలం ఆపి చూసింది. "ఏమంటోంది?"

"మూత్రం విషయంలో... ఇబ్బంది అంటున్నారు మేడమ్. చాలా ఏళ్లుగా."

"మంచి పాయింటు. ముందుకెళ్లు."

"ఆకలి ఎలా ఉందండీ? తింటున్నారా?"

"మీ అమ్మ వంట తిని ఇన్నాల్లు బతికున్నాను. ఇంకేటి కావాలి."

"ఆకలి మందగించిందంటున్నారు మేడమ్."

"నిద్ర?"

"పక్కన మీ నాన్న గురక. అవతల రైలింజను గురక. ఏది ఏదో తెల్దు. నిద్దరెక్కడే."

"నిద్ర పట్టడం లేదు మేడమ్. పరిసరాల్లో... శబ్దం."

షుగరున్న మనిషి మాటలో తీపి ఉండాలని ఏ వైద్యశాస్త్రంలోనూ లేదు. కాని ఆ చేదంతా మింగి, తిప్పి, హిందీలో మాత్రలు చుట్టి ఇవ్వడం ఫణి వంతయింది. నుదుటి మీద చెమట. కూలర్ గాలి సరిగ్గా ఈ మంచం దాకా వచ్చి వెనక్కి తిరిగిపోతోంది.

రత్నకుమారి మేడమ్ తెర పక్కకి తొంగి చూసింది. "ఏం బామ్మగారూ, మా పిల్ల బాగా అడుగుతుందా అండీ?"

తాయారమ్మ మొహం ఒక్క క్షణంలో వెన్నలా మారిపోయింది. "ఎవరి పిల్లయితే ఏటి సిస్టరమ్మా. సెయ్యి సల్లనిది. పాసు సేసీండి."

మేడమ్ నవ్వుకుంటూ వెళ్లిపోయింది. ఫణి మాత్రం మామ్మ మొహంలోకి అనుమానంగా చూసింది. మామ్మ తిట్టినా భయం లేదు, ఇరవై రెండేళ్ల అలవాటు. మామ్మ మెచ్చుకుంటే మాత్రం ఆ వెనక ఏదో ఉంటుంది. ఇంట్లో అందరికీ తెలుసు ఆ సంగతి.

తల చూసింది. కళ్లు, నోరు, మెడ చూసింది. నాడి పట్టుకుంది. ఆ మణికట్టు ఎంత సన్నగా ఉందో ఎప్పుడూ పట్టుకుని చూడలేదు. గుండె, ఊపిరితిత్తులు, పొట్ట. ఒక్కొక్కటీ హిందీలో చెబుతూ పోయింది. చంద్రాకర్ మేడమ్ కలం ఆగకుండా కదులుతోంది. పరీక్ష, చెప్పకూడదు గాని, బాగా జరుగుతోంది.

దుప్పటి మోకాళ్ల దాకా మడిచింది. అక్కడ ఆగింది.

మేజోళ్లు.

నూకరాజు డ్యూటీకి వేసుకునే ఉన్ని మేజోళ్లు, మోకాళ్ల దాకా లాగి ఉన్నాయి. బయట రోడ్డు మీద తారు మెత్తబడి చెప్పులకి అంటుకుంటోంది. టాటీబంధ్ చౌరాస్తాలో లారీలవాళ్లు తడి తువ్వాళ్లు తలకి చుట్టుకుని తిరుగుతున్నారు. అలాంటి మే నెలలో మేజోళ్లు. పేరులో మే ఉంది గదా అని మేలో తొడుక్కుందేమో అని ఫణి తనలో తాను నవ్వుకోబోయింది. నవ్వు రాలేదు, వాసన వచ్చింది. పైన తలనొప్పి బామ్ ఘాటు, దాని కింద పసుపు, ఆ రెంటి కిందా ఇంకేదో. మూడేళ్లలో సర్జికల్ వార్డులో ఆ మూడోదాన్ని ఎన్నోసార్లు పీల్చింది. ఒకసారి పీల్చిన ముక్కు దాన్ని మరిచిపోదు.

చెయ్యి చాపింది.

"ఫణీ." ఇందాకటి నుంచి మొదటిసారి పేరు పెట్టి పిలిచింది తాయారమ్మ. గొంతు బాగా తగ్గించి, మొహం మాత్రం నవ్వుతూనే ఉంచి. "మేజోడు ముట్టుకోకు."

"ఎందుకు?"

"సలేస్తంది."

"బయట తారు కరుగుతోంది మామ్మా."

"మామ్మ అనకు, ఆవిడ వింటది." తాయారమ్మ కళ్లు స్టూలు వైపు తిరిగి వచ్చాయి. "సెప్పు కరిసింది. సిన్న బొబ్బ నేచింది. పసుపెట్టేను. అంతే."

"ఎప్పుడు?"

"హోలీకి ముందు."

ఫణి లెక్కేసింది, రెండు నెలలు దాటింది. "నొప్పి లేదా?"

"నేదు. నొప్పి నేని దానికి డాక్టరెందుకు?"

షుగరు మనిషికి కాలి పుండు నొప్పెట్టకపోవడమే అసలు ప్రమాదమని ఫణి రెండో సంవత్సరంలోనే చదివింది. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకుంది. అప్పుడు ఆ జవాబులో ఎవరి కాలూ లేదు.

"చంద్రాకర్ మేడమ్‌కి చెప్పాలి," అంది.

"ఏమంటోంది పేషెంటు?" అడిగింది అవతల నుంచి మేడమ్.

"పాత... పాత జబ్బుల గురించి చెబుతున్నారు మేడమ్."

"పూర్తిగా విను. తొందర లేదు."

తొందర లేదట. తాయారమ్మ మనవరాలి మణికట్టు పట్టుకుంది. ఇప్పుడు నాడి ఎవరు చూస్తున్నారో తెలియలేదు.

"ఇనుకో. మన క్వార్టర్ల జోగయ్య తల్లిని మర్సిపోనావా? ఇలాగే ఏలికి పుండయ్యింది. ముందు ఏలన్నారు. తరవాత పాదమన్నారు. తరవాత మోకాలన్నారు. రిక్షాలో మూటలాగ తెచ్చి దించేరు. నాను బొబ్బిల్లో రైలు దిగి నడిసెల్తానే. మా సెల్లి కూతురింటికి నా కాల్ల మీద నానే ఎల్తాను. మోసుకెల్తే ఎల్లను."

"మామ్మా, అది కాదు..."

"పదిహేనో ఏట ఈ ఊరొచ్చేను. క్వార్టరు గడప దాటితే నాకు మాట నేదు. కూరలోడితో సైగలు. డాక్టరుతో సైగలు. పక్కింటి మనిషి ఏడిస్తే ఎందుకో అడగడానికి మాట నేదు. మీరందరూ హిందీలో నవ్వుకుంటారు, నాను మీ మొహాలు సూస్తాను. మూగదాన్నయిపోనానే. ఆ టేసన్లో దిగితే టీ అమ్మేవోడు కూడా నా మాటే ఆడతాడు."

ఇంట్లో మామ్మ తిట్లు ఎప్పుడూ వినిపించేవి. అవి ఆవిడకి మిగిలిన ఏకైక సంభాషణ అని ఎవరికీ తోచలేదు.

"నువ్వు ఇక్కడే ఉండు," అంది తాయారమ్మ. "నీ ఉజ్జోగం నువ్వు సేసుకో. మీ అమ్మా నాన్నా గుఢియారీలో ఉండనీ. నన్నొక్కదాన్నీ దించి రమ్మన్నాను మీ నాన్నని. వాడు సరేనన్నాడు. ఇంటికెల్లమని ఛుట్టీ రాసిన గంటలో బండెక్కించేస్తాడు. సుట్టాలైతే పరీక్ష రద్దని నువ్వే సెప్పేవు గదా, నాను నీ మామ్మనని సెప్పను. నా కాలు సంగతి నువ్వు సెప్పకు. నీది నీకొస్తది, నాది నాకొస్తది."

"చెప్తే?"

తాయారమ్మ చిరునవ్వు చెక్కు చెదరలేదు. "నువ్వు నోరిప్పితే నానూ ఇప్పుతాను. మనవరాలిని ఈల్ల భాసలో ఏటంటారో నాకు తెలుసు. పోతీ."

ఇన్నేళ్లలో ఆవిడ నేర్చుకున్న నాలుగైదు హిందీ ముక్కల్లో అదొకటి. పోతీ. ఆ మాట మంచం దాటితే పరీక్ష పోతుంది, ఉద్యోగం పోతుంది, క్వార్టరు ఎలాగూ పోతోంది, ఇక పోవడానికి మిగిలేది ఫణే. రైలెక్కి, అందరితో పాటు.

చెప్పకపోతే? పాదాలు నార్మల్ అని ఒక్క ముక్క. మేడమ్ రాసుకుంటుంది. జ్వరం దేనికని డాక్టర్లు అడిగితే మూత్రంలో ఇన్ఫెక్షనని సరిపెట్టుకుంటారు, ఆ మాట అందించింది కూడా తనే. తిట్టుని తిప్పి చెప్పిన ముక్క. ఇవాళో రేపో ఛుట్టీ. మామ్మ తనకి కావలసిన ఊరికి, తను తనకి కావలసిన ఉద్యోగానికి. ఇద్దరికీ ఇష్టమైన అబద్ధం ఒకటి మంచం మీద సిద్ధంగా పరిచి ఉంది, అంచులు కూడా నీటుగా మడిచి. ఎక్కి పడుకోవడమే తరువాయి.

"పాదాలు?" అంది చంద్రాకర్ మేడమ్.

కూలర్ తిరుగుతోంది. అవతలి మంచం దగ్గర ఎవరో విద్యార్థిని వణికే గొంతుతో నాడి లెక్క చెబుతోంది. ఫణి ఎడమ మేజోడు మీద చెయ్యి పెట్టింది, తియ్యలేదు. ఉన్ని మధ్య నుంచి వేడి తగులుతోంది. నూనె పెనం మీద చెయ్యి పెట్టినట్టు కాదు, జ్వరమొచ్చిన పసిపిల్ల తల మీద చెయ్యి పెట్టినట్టు.

"పాదాలు ఎలా ఉన్నాయి? నార్మలా?"

"ఎడమది నార్మల్ కాదు మేడమ్," అంది ఫణి హిందీలో. "విప్పి చూడాలి, డాక్టరుగారిని పిలవాలి. ఇంకో సంగతి. మీరు అడిగినప్పుడే చెప్పాల్సింది. ఈవిడ మా మామ్మ. మేరీ దాదీ."

తాయారమ్మకి హిందీ రాకపోయినా దాదీ అర్థమైంది. పోతీ ఉన్న చోట దాదీ ఉంటుంది. బాణం ఎక్కుపెట్టి ఉన్న ఆవిడ నోట్లో "పో" దాకా వచ్చి మాట ఆగిపోయింది. ఇక వదిలినా దానికి తగిలే చోటు లేదు. ఆ సగం ముక్క కాసేపు అలాగే పెదాల మీద నిలబడి, చివరికి తెలుగు మాటయి బయటపడింది.

"పో," అంది. "నా ముందునించి పో."

ఫణి పోలేదు. సెలైన్‌తో మేజోడు తడిపింది, ఉన్ని అంటుకుపోయిన చోట ఊదుతూ, తడుపుతూ, చిన్నప్పుడు మామ్మ తన మోకాలి చెక్కు ఊడదీసినంత ఓపిగ్గా విప్పింది. బొబ్బిలి మీద మనసు, కాలి మీద బొబ్బ. ఇంత దూరం వచ్చాక ఆ మాటకి కూడా నవ్వు రాదు. రెండో వేలు నల్లగా ఉంది. ఎర్రదనం పాదం మీదుగా చీలమండ దాకా పాకింది.

తాయారమ్మ గొంతు విని తిరిగి వచ్చిన రత్నకుమారి మేడమ్ చూసింది. "దేవా," అంది మెల్లగా, ఆ వెంటనే సర్జన్‌ని పిలవడానికి దాదాపు పరిగెత్తింది. చంద్రాకర్ మేడమ్ స్టూలు మీంచి లేచింది. ఫణి భుజం మీద కలంతో ఒకసారి తట్టి వరండా వైపు చూపించింది.

బయటికి రాగానే నూకరాజు ఎదురయ్యాడు, చేతిలో టిఫిన్ క్యారియరు, మెడ చుట్టూ తడి తువ్వాలు. కూతురిని యూనిఫారంలో చూసి మొహం విచ్చుకుంది.

"అయిపోనాదేటమ్మా పరీక్ష? మామ్మ ఈ వార్డులోనే ఉన్నాది. నీకు సెప్పొద్దని..."

"నాన్నా, మామ్మ కాలు సంగతి నీకు తెలుసా?"

నూకరాజు క్యారియరు మూత వైపు చూశాడు. "మేజోల్లు కావాలంది. ఇచ్చేను."

"ఎందుకని అడగలేదా?"

"ఎందుకని అడిగితే మా అమ్మ సెప్తదా? నాకు సర్వీసంతా ఎందుకని అడిగే అలవాటు నేదమ్మా." తువ్వాలుతో మొహం తుడుచుకుని, ఎవరి కళ్లలోకీ చూడకుండా లోపలికి వెళ్లిపోయాడు. వ్యాగన్లు రిపేరు చేసిన చెయ్యి. ఇంట్లో ఒక్క మాటని కూడా రిపేరు చేయడం చేతకాదు.

చంద్రాకర్ మేడమ్ వరండా పిట్టగోడకి ఆనుకుంది.

"మొదటి నిమిషంలో చెప్పి ఉంటే మంచం మార్చేదాన్ని. అంతే. రద్దు అని నీకు ఎవరు చెప్పారు?"

"హాస్టల్లో అందరూ అంటారు మేడమ్."

"హాస్టల్లో దెయ్యం ఉందని కూడా అందరూ అంటారు."

ఫణికి ఏడవాలో నవ్వాలో తెలియలేదు. ఈ గంటంతా తను చుట్టూ కట్టుకున్న గోడ ఇటుకది కాదు, గాలిది.

"అడిగితే నవ్వి ఊరుకున్నావు. దానికి మార్కులు కొడతాను," అంది మేడమ్. "మేజోడు విప్పించావు. దానికి వేస్తాను. రెండూ రాసే ముందు ఒక అవకాశం ఇస్తున్నా. పదకొండో మంచం. ఇప్పుడే వెళ్లి మొదటి నుంచి మొదలుపెట్టు. భోజనానికి లేచేలోపు పూర్తి కావాలి. ఏడో మంచం వైపు మాత్రం తల తిప్పకూడదు. అక్కడ నువ్వు ఎవరివీ కావు."

"థ్యాంక్యూ మేడమ్," అంటూ ఉండగానే వార్డు తలుపు తోసుకుని సర్జన్ బయటికొచ్చాడు. వెనకే రత్నకుమారి.

"వేలు ఇవాళే తియ్యాలి," అన్నాడు ఆయన గ్లవ్స్ లాగేస్తూ. "ఇవాళ అయితే వేలుతో పోతుంది. రేపటికి నేను మాట ఇవ్వలేను. ఆవిడ ఒప్పుకోవడం లేదు. నేనేం చెప్పినా ‘పో’ అంటుంది. కొడుకు గోడ వైపు చూస్తున్నాడు."

"నేను తెలుగులోనే చెప్పానండీ," అంది రత్నకుమారి. "దుప్పటి ముసుగు పెట్టేసింది. ‘ఆ గుంటనే రమ్మనండి, దాంతోనే తేల్చుకుంటాను’ అంటుంది." ఆవిడ ఫణి వైపు తిరిగింది. చుట్టరికం సంగతి తెలిశాక మొదటిసారి. "మీ బామ్మగారా ఫణీ? పొద్దున నేను పగలబడి నవ్వుతుంటే చెప్పొద్దూ?"

"భయమేసింది మేడమ్."

ఫణి చంద్రాకర్ మేడమ్ వైపు చూసింది. ఆ మొహంలో కోపం లేదు, జాలీ లేదు.

"మనవరాలిగా వెళ్తే నువ్వు బంధువువి. ఇక ఈ వార్డులో ఇవాళ పరీక్ష రాయలేవు. పదకొండుకి వెళ్తే విద్యార్థినివి, రోగిని ఆపరేషనుకి ఒప్పించడం విద్యార్థుల పని కాదు. రెండు బ్యాడ్జీలు ఒకేసారి పెట్టుకోవడం కుదరదు."

ఏడు, పదకొండు. మధ్యలో మూడు మంచాలు. ఒక దాని మీద పాసవడం, ఇంకోదాని మీద మామ్మ. తను తొందరపడి నిజం చెప్పేసి బయటపడ్డాననుకుంది. బయటపడలేదు, ఒక గది లోంచి ఇంకో గదిలోకి వచ్చింది. దీనికి కిటికీ ఉంది, అంతే.

రత్నకుమారి దగ్గరికొచ్చి గొంతు తగ్గించింది. "ఆలోచించుకో తల్లీ. సప్లిమెంటరీ అంటే ఆరు నెలలు. ఆ టైముకి మీ క్వార్టరుండదు, హాస్టలూ ఉండదు. అటు వెళ్లిపోయాక ఎంతమంది వెనక్కొచ్చారో నాకు తెలుసు."

"నా చోట ఉంటే మీ ఇద్దరు పిన్నులూ ఏం చేసేవారు మేడమ్?"

రత్నకుమారి పెదవి కొరుక్కుని వార్డు తలుపు వైపు చూసింది.

ఫణి బ్యాడ్జీ పిన్ను విప్పింది. ఫణిశ్రీ రావ్. మూడేళ్లుగా ఛాతీ మీద ఉన్న ముక్క, విప్పాక ఆ చోట యూనిఫారం కొంచెం తెల్లగా కనిపించింది. దాన్ని చంద్రాకర్ మేడమ్ చేతిలో పెట్టింది.

"మా మామ్మకి డాక్టరుగారి మాట తెలుగులో చెప్పి వస్తాను మేడమ్. ఈ ఊళ్లో ఆవిడకి ఎవరూ ఏదీ తెలుగులో నిలబడి చెప్పలేదు. పరీక్ష మీ ఇష్టం."

తలుపు తోసింది. ఏడో మంచం దాకా నడిచింది. ఏం చెప్పాలో వరస కట్టుకుంటూ నడిచింది. వేలు పోతే నడక పోదు మామ్మా. బొబ్బిల్లో నువ్వే దిగుతావు. నేను కూడా వస్తాను, నీ పక్కన...

పచ్చ తెర లాగింది.

మంచం ఖాళీగా ఉంది.

స్టూలు మీద టిఫిన్ క్యారియరు, మూత కూడా తియ్యలేదు. సెలైన్ గొట్టం స్టాండుకి వేలాడుతూ నేల మీదకి చుక్క చుక్కగా కారుతోంది. దుప్పటి నలిగి కుప్పగా లేదు. రైల్వే క్వార్టర్లో రోజూ పొద్దున్నే మడిచినట్టు నాలుగు మడతలు పెట్టి దిండు మీద ఉంది. వెనక మెట్ల వైపు తలుపు వారగా తెరిచి ఉంది, మే నెల వడగాలి అందులోంచి లోపలికి కొడుతోంది.

"నాన్నా," అంది ఫణి. పిలిచినట్టు కాదు, అడిగినట్టు.

పక్క మంచం మీద ఛత్తీస్‌గఢీ ముసలామె చేత్తో మెట్ల వైపు చూపించి, "ఓ తో గే, బేటా సంగ్," అంది. కొడుకుతో వెళ్లిపోయిందని.

ఫణి మోకాళ్ల మీద కూర్చుని మంచం కిందకి చూసింది. అక్కడ ఒక్కటే చెప్పు ఉంది. ఎడమది.